‘రెండు దేశాలు’ అంటే ఏమిటో భారత్ చెప్పాలి

గౌరవనీయులైన భారత విదేశాంగ మంత్రి శ్రీ ఎస్. జైశంకర్ గారికి,



ఇజ్రాయెల్, పాలస్తీనా వ్యవహారంలో మన వైఖరి ఏమిటని ఎవరు అడిగినా మీ శాఖ ఇచ్చే జవాబు ఒకటే. చర్చల ద్వారా రెండు దేశాలు ఏర్పడాలి, గుర్తింపు పొందిన సురక్షితమైన సరిహద్దుల లోపల స్వతంత్ర పాలస్తీనా ఉండాలి, దాని పక్కనే ఇజ్రాయెల్ శాంతితో బతకాలి. ఆ జవాబుతో నాకు పేచీ లేదు. నా బాధల్లా మనం ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతున్నామని. సరిహద్దు ఎక్కడ గీయాలి? జెరూసలేం ఎవరిది? వెస్ట్ బ్యాంక్‌లో స్థిరపడ్డ దాదాపు ఐదు లక్షల మంది యూదు సెటిలర్ల సంగతేమిటి? 1948లో ఊళ్లు పోగొట్టుకున్నవారి బిడ్డలూ మనవలూ ఎక్కడికి పోవాలి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేకుండా ‘రెండు దేశాలు’ అనడం సులభం. అందుకే ప్రపంచంలో అందరూ అంటున్నారు, అంటూనే ఉన్నారు, అక్కడ నేల మాత్రం రోజురోజుకీ చేజారిపోతోంది. ఈ ప్రశ్నల మీద భారత్ నోరు విప్పాలి. విప్పే అర్హత మనకుంది, అవసరమూ ఉంది. ఈ బహిరంగ లేఖ అందుకే.

అర్హత మాట ముందు చెబుతాను. 1947లో పాలస్తీనా భవిష్యత్తు తేల్చడానికి ఐక్యరాజ్యసమితి 11 దేశాలతో ప్రత్యేక కమిటీ వేసినప్పుడు అందులో భారత్ సభ్యదేశం. మన తరఫున న్యాయమూర్తి సర్ అబ్దుర్ రెహ్మాన్ కూర్చున్నారు. కమిటీ నివేదిక ఆగస్టు 31 నాటికి సిద్ధమైంది. అంటే మన దేశం రెండు ముక్కలై పంజాబ్ తగలబడుతున్న రోజులవి. ఏడు దేశాలు పాలస్తీనాను విభజించాలన్నాయి. భారత్, ఇరాన్, యుగోస్లావియా కలిసి మరో దారి చూపాయి: జెరూసలేం రాజధానిగా ఒకే సమాఖ్య, అందులో ఒక అరబ్ రాష్ట్రం, ఒక యూదు రాష్ట్రం, రెండు సభల పార్లమెంటు. ఒక సభలో సీట్లు జనాభా లెక్కన, రెండో సభలో ఇద్దరికీ చెరిసగం. ఈ ప్రణాళిక అరబ్బులకూ రుచించలేదు, యూదు నాయకత్వానికీ రుచించలేదు. నవంబరు 29న ఐరాస సర్వప్రతినిధి సభ 33–13 ఓట్లతో విభజననే ఆమోదించింది. 10 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. మనం వ్యతిరేకంగా ఓటేశాం.

ఆ సమాఖ్య ప్రణాళికను ఇప్పుడు యథాతథంగా బయటకు తీయమని నేను అడగడం లేదు. కానీ ఆనాడు ఆ మూడు దేశాలు లేవనెత్తిన సందేహం నిజమైందని ఒప్పుకోవాలి. ఒకరిలో ఒకరు కలిసిపోయి ఉన్న రెండు జాతులను నెత్తురు కారకుండా కోసి వేరుచేయగలమా అన్నదే ఆ సందేహం. 1948 యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ తరువాతి ఏళ్లలో అరబ్ దేశాల్లో తరతరాలుగా ఉంటున్న లక్షల మంది యూదులు తమ ఊళ్లు వదిలి ఇజ్రాయెల్ చేరారు. 1967 యుద్ధంతో వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలేం ఇజ్రాయెల్ సైన్యం చేతికి వచ్చాయి. ఇన్ని తరిమివేతల తరువాత కూడా, జోర్డాన్ నది నుంచి మధ్యధరా సముద్రం వరకూ ఉన్న ఆ కాస్త నేల మీద ఇవాళ యూదులు 70 లక్షల పైచిలుకు, పాలస్తీనీయులు 70 లక్షల పైచిలుకు. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. ఏ పరిష్కారమైనా ఈ నిజం దగ్గరే మొదలు కావాలి.

మనకు ఇద్దరితోనూ స్నేహం ఉంది. 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించాం. 1974లో పాలస్తీనా విమోచన సంస్థను గుర్తించిన తొలి అరబ్బేతర దేశం మనదే. 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించాం. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు పెట్టుకున్నాం. మన ప్రధాని 2017లో ఇజ్రాయెల్ వెళ్లారు, 2018లో పాలస్తీనాలోని రమల్లా వెళ్లారు. రెండు గడపలూ తొక్కగలిగి, రెండు చోట్లా మర్యాద దక్కే దేశాలు ప్రపంచంలో చాలా తక్కువ. ఆ పరపతిని ఖర్చు పెట్టకుండా పెట్టెలో దాచుకుంటే ఎవరికి ఉపయోగం?

ఇక అవసరం. ఈ సంగతి తెలుగువాడిగా చెబుతున్నాను. నిజామాబాద్, జగిత్యాల వైపు పల్లెల నుంచి వెళ్లినవారు ఏళ్లుగా ఇజ్రాయెల్ ఇళ్లలో ముసలివాళ్లకు సేవ చేస్తూ బతుకుతున్నారు. సైరన్ మోగితే వాళ్లు కదలలేని మనిషిని చేతుల మీద మోసుకుని షెల్టర్‌లోకి పరుగెత్తాలి. ఇక్కడ తల్లులు ఫోన్ పట్టుకుని తెల్లవార్లూ కూర్చోవాలి. 2023 అక్టోబరు 7 నాటి హమాస్ దాడి తరువాత వెస్ట్ బ్యాంక్ కూలీల పర్మిట్లు ఇజ్రాయెల్ నిలిపివేసింది. ఖాళీ అయిన ఆ నిర్మాణ పనుల్లోకి మన ప్రభుత్వమే ఒప్పందం చేసుకుని భారతీయ కార్మికులను పంపింది. హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. అదే హైదరాబాద్‌లో ఇజ్రాయెల్ ఆయుధ సంస్థ ఎల్బిట్ భాగస్వామ్యంతో 2018లో డ్రోన్ల కర్మాగారం మొదలైంది. కాబట్టి ఇది ఎక్కడో జరుగుతున్న గొడవ కాదు. మన పిల్లల చెమట, మన ఊరి ఫ్యాక్టరీ అందులో ఉన్నాయి.

అక్టోబరు 7న గాజాను ఏలే సాయుధ సంస్థ హమాస్ చేసిన ఆ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఇళ్లలో ఉన్న కుటుంబాలను, సంగీత ఉత్సవంలో ఉన్న కుర్రకారును వెతికి వెతికి చంపారు. దానికి ఏ కారణమూ సమర్థన కాదు. ఆ తరువాత రెండేళ్లలో గాజాలో 67 వేల మందికి పైగా చనిపోయారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. ఊళ్లకు ఊళ్లు కూలిపోయాయి, ఆకలిని ఆయుధంగా వాడారు. దానికీ ఏ కారణమూ సమర్థన కాదు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ వచ్చింది. నవంబరు 17న భద్రతా మండలి 2803 తీర్మానం చేసి గాజాకు తాత్కాలిక పాలనా యంత్రాంగాన్ని, అంతర్జాతీయ బలగాన్ని ఆమోదించింది. అందులో పాలస్తీనా దేశం మాట వచ్చింది గానీ, పాలస్తీనా అథారిటీ సంస్కరణలు, గాజా పునర్నిర్మాణం ముందుకు సాగితే అప్పుడు ఒక మార్గం ఏర్పడవచ్చు అన్నంతవరకే. తేదీ లేదు, సరిహద్దు లేదు. సరిగ్గా ఈ ఖాళీలోనే భారత్ మాట్లాడాలి.

మంత్రివర్యా, ఎదుట ఉన్న దారులు నాలుగు. ఒక్కొక్కదాన్నీ తూచి చూద్దాం.

మొదటిది, ఇప్పుడున్నదే కొనసాగడం. దీన్ని చాలామంది పరిష్కారమే కాదంటారు గానీ, ఏ నిర్ణయమూ తీసుకోకపోతే అమలయ్యేది ఇదే. వెస్ట్ బ్యాంక్‌లో ఒకే కొండ మీద ఎదురుబొదురుగా ఉన్న రెండు ఊళ్లను తీసుకోండి, ఒకటి యూదు సెటిల్‌మెంట్, రెండోది పాలస్తీనా పల్లె. ఒక ఊరి కుర్రాడు తప్పు చేస్తే ఇజ్రాయెల్ సాధారణ కోర్టుకు వెళతాడు. రెండో ఊరి కుర్రాడు అదే తప్పు చేస్తే సైనిక కోర్టుకు వెళతాడు. మొదటివాడికి పార్లమెంటులో ఓటుంది. రెండోవాడిని పాలించే సైన్యం మీద అతనికి ఏ ఓటూ లేదు. అతని సొంత పాలస్తీనా పార్లమెంటుకు కూడా 2006 తరువాత ఎన్నికలు జరగలేదు. ఈ ఆక్రమణ చట్టవిరుద్ధమని 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో తేల్చి చెప్పింది. ఇది ఇజ్రాయెలీలకు భద్రత కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే అక్టోబరు 7 జరిగేదే కాదు.

రెండోది, ఒకే దేశం, అందరికీ సమానమైన ఓటు. న్యాయం వైపు నుంచి చూస్తే ఇంతకన్నా సూటైన మాట లేదు. కానీ రెండు జాతులూ తమదైన దేశం కోసం వందేళ్లుగా ప్రాణాలిస్తున్నాయి. నాజీల చేతిలో జరిగిన యూదుల ఊచకోత జ్ఞాపకం మోస్తున్న సమాజం, రేపు మైనారిటీగా మారే దేశానికి తనంతట తాను ఒప్పుకోదు. సొంత జెండా, సొంత పాస్‌పోర్టు కోసం మూడు తరాలు జైళ్లకు వెళ్లిన పాలస్తీనీయులు కూడా దాన్ని వదులుకోమంటే ఒప్పుకోరు. ఇద్దరూ వద్దన్నదాన్ని బయటివాళ్లు రుద్దితే ఆ ఒక్క దేశాన్ని ఎవరు చేజిక్కించుకోవాలన్న దాని మీద కొత్త యుద్ధం మొదలవుతుంది.

మూడోది, గీత గీసి పూర్తిగా విడిపోవడం. దీనికి చాలా దగ్గరగా వచ్చిన సందర్భాలున్నాయి. 2000 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ సూచనలు, 2001 జనవరిలో తాబా చర్చలు, 2002లో బేరూత్‌లో అరబ్ లీగ్ ఇచ్చిన శాంతి ప్రతిపాదన, 2003లో జెనీవా ఒప్పందపు ముసాయిదా, అన్నీ ఈ దారిలోవే. 2008 సెప్టెంబరులో ఇజ్రాయెల్ ప్రధాని ఎహూద్ ఓల్మర్ట్ పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ ముందు ఒక మ్యాప్ పరిచారు. వెస్ట్ బ్యాంక్‌లో ఆరు శాతం పైచిలుకు భూమి ఇజ్రాయెల్ ఉంచుకుని, బదులుగా తన భూమి ఇస్తుంది. సంతకం పెట్టేదాకా మ్యాప్ చేతికివ్వనన్నారు. అబ్బాస్ తాను చూసినంత మేర చేత్తో గీసుకుని వెనక్కి వెళ్లారు. అప్పటికే ఓల్మర్ట్ అవినీతి ఆరోపణలతో పదవి వదులుకుంటున్నారు. మళ్లీ ఆ మ్యాప్ మీద కూర్చోలేదు. నాలుగు ప్రశ్నలకూ ఇద్దరూ ఒప్పుకోదగ్గ జవాబులు ఉన్నాయని ఆ సమావేశం చెప్పింది. ఆలస్యం చేస్తే ఆ జవాబులు చెల్లకుండా పోతాయనీ చెప్పింది.

చెల్లకుండా పోయేట్టు చేస్తున్నవి సెటిల్‌మెంట్లు. 2005లో గాజా నుంచి ఎనిమిది వేల పైచిలుకు సెటిలర్లను ఖాళీ చేయించడానికే ఇజ్రాయెల్ సమాజం నిలువునా చీలిపోయింది. ఇవాళ వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు ఐదు లక్షలు, తూర్పు జెరూసలేంలో మరో రెండు లక్షల పైగా ఉన్నారు. 2025 ఆగస్టులో ఆమోదం పొందిన ‘ఈ1’ పథకం జెరూసలేంకూ మాలె అదుమీమ్ సెటిల్‌మెంట్‌కూ మధ్య దాదాపు 3,400 ఇళ్లు కడుతుంది. అది పూర్తయితే వెస్ట్ బ్యాంక్ ఉత్తరం ఒకవైపు, దక్షిణం ఒకవైపు తెగిపోతాయి.

నాలుగో దారి ఈ చిక్కులోంచే పుట్టింది. రెండు దేశాలు, కానీ మధ్యలో గోడ లేని రెండు దేశాలు. ‘అందరికీ ఒకే నేల’ అనే ఉద్యమాన్ని 2012లో ఇజ్రాయెలీ పాత్రికేయుడు మేరోన్ రాపోపోర్ట్, పాలస్తీనా నాయకుడు అవ్నీ అల్ మష్నీ మొదలుపెట్టారు. ఇజ్రాయెల్, పాలస్తీనా విమోచన సంస్థ మధ్య కుదిరిన ఓస్లో ఒప్పందాల శిల్పుల్లో ఒకరైన యోసీ బేలిన్, పాలస్తీనా న్యాయవాది హిబా హుస్సేనీ కలిసి 2022లో ఇదే తోవలో రెండు స్వతంత్ర దేశాల సమాఖ్య (కాన్ఫెడరేషన్) ప్రణాళిక ఒకటి వెలువరించారు. సారాంశం ఇది. 1967 సరిహద్దు ఆధారంగా రెండు సార్వభౌమ దేశాలు. పాలస్తీనా భూమి మీద ఉండిపోదలచిన యూదులు ఇజ్రాయెల్ పౌరులుగానే ఉంటూ పాలస్తీనా చట్టానికి లోబడి శాశ్వత నివాసులుగా ఉండవచ్చు. అలాగే పాలస్తీనా పౌరులు ఇజ్రాయెల్‌లో నివాసులుగా ఉండవచ్చు. ఎవరి ఓటు వారి దేశంలో. నీళ్లు, పర్యావరణం, భద్రత లాంటి విషయాలకు ఉమ్మడి సంస్థలు. జెరూసలేం రెండు దేశాలకూ రాజధాని, మధ్యలో ముళ్లకంచె లేకుండా.

నేను ఈ నాలుగో దారినే సమర్థిస్తున్నాను. సెటిలర్ల ప్రశ్నకు, కాందిశీకుల ప్రశ్నకు ఒకే సూత్రంతో జవాబు చెబుతున్నది ఇదొక్కటే: పౌరసత్వం ఒకచోట, నివాసం మరోచోట ఉండవచ్చు. అయితే ఒక షరతు. పాలస్తీనీయుల భయం అర్థం చేసుకోదగ్గదే. సమాఖ్య అనే మాట కింద సెటిల్‌మెంట్లకు చట్టబద్ధత ఇచ్చి, తమకు మాత్రం కాగితపు స్వాతంత్ర్యం ఇస్తారేమోనని వాళ్లు అనుమానిస్తారు. కాబట్టి వరుస ముఖ్యం. ముందు సార్వభౌమాధికారం, ఆ తరువాత తెరిచిన తలుపులు. ఉండిపోయే సెటిలర్ చేతిలో తుపాకీ ఉండకూడదు, ప్రైవేటు పాలస్తీనా భూమి మీద కట్టిన ఇల్లు ఉండకూడదు. ఇజ్రాయెలీల భయమూ అంతే నిజం. అందుకే హమాస్ ఆయుధాలు దించాలి, పాలస్తీనాలో ఆయుధం ఒక్క ప్రభుత్వం చేతిలోనే ఉండాలి. తలుపులు తెరవడం దశలవారీగా, అంతర్జాతీయ పర్యవేక్షణలో జరగాలి.

జెరూసలేంను పంచుకోవడం అసాధ్యం అనేవారు ఆ నగరాన్ని సరిగ్గా చూడలేదు. క్రీస్తు సమాధి ఉందని నమ్మే చర్చి తలుపు తాళంచెవి శతాబ్దాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గరుంటుంది, తలుపు తెరిచేది మరో ముస్లిం కుటుంబం. క్రైస్తవ శాఖల మధ్య తగవులు ముదరకుండా అక్కడ కుదిరిన ఏర్పాటు అది. అదే పాత నగరంలో, హెరోద్ ద్వారం దగ్గర, పంజాబ్ సూఫీ బాబా ఫరీద్ బస చేశారని చెప్పుకునే భారతీయ సత్రం ఉంది. దాన్ని 1924 నుంచి భారతీయ మూలాలున్న ఒక కుటుంబం చూసుకుంటోంది. పవిత్ర స్థలాలను ఎవరికీ చెందకుండా, అందరికీ అందేలా నడపడం ఆ ఊరికి కొత్త విద్య కాదు. కావలసింది దాన్ని రాజ్యాంగపు భాషలో రాసే ధైర్యం.

ఇక మీరు చేయగలిగిన పనులు.

మొదటిది, స్పష్టంగా చెప్పండి. 1967 సరిహద్దులు, సమాన విస్తీర్ణంలో పరస్పర భూమి మార్పిడి, తూర్పు జెరూసలేం పాలస్తీనా రాజధాని. ఒకప్పుడు మన ప్రకటనల్లో తూర్పు జెరూసలేం పేరు ఉండేది. 2017 మేలో అబ్బాస్ ఢిల్లీ వచ్చినప్పుడు మన ప్రధాని ప్రకటనలో ఆ మాట లేదు. దాన్ని తిరిగి చేర్చండి.

రెండోది, మాటకూ చేతకూ పొంతన ఉండాలి. 2025 సెప్టెంబరు 8న ఇజ్రాయెల్ ఆర్థిక మంత్రి బెజలేల్ స్మోత్రిచ్‌తో మనం ఢిల్లీలో పెట్టుబడుల ఒప్పందం మీద సంతకం చేశాం. పాలస్తీనా దేశమనే ఆలోచననే ‘ఈ1’ పథకం పాతిపెడుతుందని అంతకు ముందు నెలలోనే బాహాటంగా ప్రకటించిన మంత్రి ఆయనే. నాలుగు రోజుల తరువాత, సెప్టెంబరు 12న, రెండు దేశాల పరిష్కారాన్ని కోరే న్యూయార్క్ ప్రకటనకు ఐరాసలో మనం అనుకూలంగా ఓటేశాం. ఓటు సరైనది, స్వాగతిస్తున్నాను. కానీ ఒకే వారంలో ఈ రెండూ చేసిన దేశం మాటను ఎవరు నమ్మాలి? సెటిల్‌మెంట్లకు చట్టబద్ధత లేదనీ, ఇజ్రాయెల్ భూమినీ ఆక్రమిత భూమినీ వేరుగా చూడాలనీ 2016 నాటి భద్రతా మండలి 2334 తీర్మానం అన్ని దేశాలకూ చెప్పింది. మన ఏ ఒప్పందమూ సెటిల్‌మెంట్లకు వర్తించదని ప్రకటించండి. ఇజ్రాయెల్‌తో వ్యాపారం మానమని నేను అనడం లేదు. వ్యాపారం ఇజ్రాయెల్‌తో చేద్దాం, ఆక్రమణతో కాదు.

మూడోది, ఆయుధాల విషయంలో పార్లమెంటుకు లెక్క చెప్పండి. మన గడ్డ మీద తయారైన ఏ పరికరాన్ని ఎక్కడ వాడుతున్నారో తెలుసుకునే హక్కు ఈ దేశ పౌరులకుంది.

నాలుగోది, మనకు బాగా వచ్చిన పని ఇవ్వజూపండి. వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలేం మూడింటిలోనూ ఎన్నికలు జరగకుండా పాలస్తీనా తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరికీ దక్కదు. 2021లో ప్రకటించిన ఎన్నికలను జెరూసలేంలో ఓటింగ్ సమస్యను కారణంగా చూపి వాయిదా వేశారు. ఎడారిలో, అడవిలో, ఒక్క ఓటరున్న చోట కూడా పోలింగ్ కేంద్రం పెట్టే మన ఎన్నికల సంఘం ఈ పనికి సాయపడగలదు.

ఐదోది, ఢిల్లీని చర్చల వేదిక చేయండి. ప్రభుత్వాలు ఇప్పుడే రాకపోవచ్చు. సమాఖ్య ప్రణాళికలు రాసినవారిని, బందీల కుటుంబాలను, గాజాలో బిడ్డలను పోగొట్టుకున్నవారిని, జోర్డాన్, ఈజిప్టు ప్రతినిధులను పిలవండి. నది నీళ్ల పంపకం, ఉమ్మడి జాబితా, భాషా హక్కులు, రాష్ట్రాల మధ్య మండళ్లు వంటి వాటిలో మనకు డెబ్బై ఏళ్లకు మించిన అనుభవం ఉంది. దాని మంచిచెడ్డలు రెండూ వాళ్ల ముందు పెట్టండి.

ఆరోది, ఇజ్రాయెల్‌లో ఉన్న మన కార్మికులు. వాళ్లను ఆక్రమిత ప్రాంతాల్లోని సెటిల్‌మెంట్ల నిర్మాణానికి వాడకూడదని ఒప్పందంలో రాయించండి. యుద్ధం వస్తే తిరిగి రావడానికి అప్పులు చేయాల్సిన గతి పట్టకుండా చూడండి.

ఇవన్నీ చేస్తే ఇజ్రాయెల్‌తో స్నేహం దెబ్బతింటుందని మీకు సలహా ఇచ్చేవారు ఉంటారు. తన పొరుగున ఉన్న లక్షలాది మందికి హక్కులు లేకుండా ఏ దేశమూ నిశ్చింతగా నిద్రపోలేదు. ఆ మాట స్నేహితుడే చెప్పాలి. ఐరాసలో 2024 సెప్టెంబరు 18న అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అమలు గురించిన తీర్మానం మీద, 2025 జూన్ 12న గాజా కాల్పుల విరమణ తీర్మానం మీద మనం ఓటింగ్‌కు దూరంగా ఉన్నాం. గోడ మీద కూర్చుంటే రెండు వైపులా గౌరవం దక్కుతుందనుకోవడం పొరపాటు. నమ్మదగిన మధ్యవర్తికి సొంత అభిప్రాయం ఉండాలి, దాన్ని ఇద్దరి ముఖాన చెప్పగలగాలి.

1947లో మన దేశం అప్పుడప్పుడే పుడుతోంది. చేతిలో డబ్బు లేదు, సొంత ఇల్లే తగలబడుతోంది. అయినా ఆ కమిటీలో కూర్చుని, మరో రెండు దేశాలతో కలిసి ఒక రాజ్యాంగ ప్రణాళిక రాసిచ్చింది, దానికి నిలబడింది. ఇవాళ ప్రపంచంలోని పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో మనమొకరం, రెండు రాజధానుల్లోనూ మనకు తలుపులు తెరిచి ఉన్నాయి. అప్పుడు చేయగలిగిన పని ఇప్పుడు చేయలేమని చెప్పడానికి కారణం కనిపించడం లేదు. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో మీరు ఒక ప్రకటన చేయండి. సరిహద్దు, జెరూసలేం, సెటిల్‌మెంట్లు, కాందిశీకులు: ఈ నాలుగింటి మీద భారత్ ఏమనుకుంటోందో నాలుగు పేరాల్లో చెప్పండి. ఆ ప్రకటనతో ఏకీభవించేవారు ఉంటారు, విభేదించేవారూ ఉంటారు. కానీ ఆ రోజు నుంచి ‘రెండు దేశాలు’ అనే మన మాటకు ఒక అర్థం, ఒక బరువు ఉంటాయి.

భవదీయుడు,
ఒక తెలుగు రచయిత